వాకిలి ఏది బిడ్డా

శ్రావణమాసం రెండో శుక్రారం, పొద్దున పదిన్నర. మేస్త్రీ మా కొత్త ఇండ్లకు నేల మీద సున్నంతోని గీతలు గీసుడు అయిపోయింది. నేను ఆ గీతల నడుమ నిలబడి "గిట్లయితే నేను రాను" అన్న. దినం ఎందుకు మతికున్నదంటే ఆ రోజు వరలక్ష్మి పూజ. పూలు తెంపుకపోనీకి కవర్లు పట్టుకొని వచ్చిన ఆడోళ్లతోని పొద్దుగాల్నే కొట్లాడి వచ్చిన. గంట ఎందుకు మతికున్నదంటే పదిన్నరకు మా ఆయనకు మందు గోలి ఇయ్యాలె. ఆ పూట ఆ ముచ్చటే మర్చిపోయిన.

మేం ఉండేది తోటల. నానక్‌రామ్‌గూడ దాటినంక, అద్దాల మేడల సందుల ఒక పాత బాగ్ ఉన్నది. నడుమ బారాదరి, అంటే అన్ని దిక్కులు తెరిచిన కమాన్ల మంటపం, దాని ముంగట నీళ్ల హౌజు, హౌజు నుంచి నాలుగు దిక్కులకు రాతి కాలువలు. మామిడి, సపోట, దానిమ్మ చెట్లు. నవాబుల కాలంల ఎవరో పెద్దమనిషి పెట్టించిండంట. ఇప్పుడు ఒక కమిటీ చూసుకుంటది. ఆదివారం టికెట్టు కొనుక్కొని జనం వస్తరు. మామూలు దినాలల్ల కంపెనీ పిల్లలు మెడల కార్డులు ఏసుకొని వచ్చి చెట్ల కింద డబ్బాలు ఇప్పుకొని తింటరు.

మేం పాలమూరు దిక్కోళ్లం. మా ఆయన ఈడ తోటమాలిగ చేరేనాటికి చుట్టూ రాళ్ల గుట్టలే. ఇప్పుడున్న మేడలల్ల సగం ఆయన కండ్ల ముంగట లేచినయే. తోట పని చేసే మేం, ఊడ్సేటోళ్లు, వాచ్‌మెన్, అంత కలిసి ఆరిండ్లు. మోటరు రూము ఎనుక రేకుల షెడ్లల్ల ఉంటుంటిమి. ఎండకాలం లోపల కూసుంటే మనిషి ఉడికిపోతడు. వానకాలం రేకు మీద చప్పుడుకు ఒకరి మాట ఒకరికి ఇనబడదు.

కమిటీ వాళ్లు షెడ్లు తీసేసి మంచి ఇండ్లు కట్టిస్తమన్నరు. ఒకటే మాట పెట్టిన్రు. బారాదరిల నిలబడి ఏ దిక్కు చూసినా ఇండ్లు కనబడొద్దు.

ఈ మాట చెప్తే మా చుట్టాలల్ల కొందరు నా మీదికి లేచిన్రు. "మీరు చేసిన పని కనబడాలెనట, మీరు కనబడొద్దంటనా" అన్నరు. నాకైతే కోపం రాలే. ఉన్నదున్నట్టు చెప్తున్న. తోట చూడనీకి వచ్చినోనికి మా ప్లాస్టిక్ బకెట్లు, తీగె మీద ఆరేసిన లంగాలు ఎందుకు? నాకే సిగ్గనిపిస్తుండె. ఫోటోలు దిగే పిల్లలు మా షెడ్డు అడ్డమొస్తుందని పక్కకు జరిగేటోళ్లు. నేను కూడ తట్ట పట్టుకొని పక్కకు జరుగుదును. ఇల్లు కనబడకపోతే ఫికర్ లేదు. నా ఫికర్ ఏరే ఉండె.

మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయినయి. మాట ఉన్నది గని నోట్లె బియ్యం పోసుకొని మాట్లాడినట్టు వస్తది. దవాఖానల పెద్ద డాక్టరు, "నలుగురిల ఉంచున్రి, ఒక్కన్ని పండవెట్టకున్రి" అని పంపిచ్చిండు. అప్పటి నుంచి షెడ్డు ముంగట నవారు మంచమేసి పొద్దుగాల కూసుండవెడితే, పొద్దుమూకినంక లోపలికి తీసుకపోతుంటిమి. ఆ మంచం మీదికెళ్లి తోటనంత ఆయనే నడిపిస్తుండె. ఎవలు ఏ పాదుకు నీళ్లు పెట్టిన్రు, ఎవలు దానిమ్మ కొమ్మ తప్పు కాడ కోసిన్రు, అన్ని చూసి గొణుగుతుండె. గొణుగుడు అర్థమయ్యేది నాకొక్కదానికే. నేను పోయి వాళ్లకు చెప్పాలె. వాళ్లు "తాత ఏమంటున్నడమ్మా" అని నవ్వుకుంట చేసేటోళ్లు.

అంతకు ముందటి వానకాలం షెడ్డు ముంగట బురద అయితే ఆయన్ని వారం దినాలు లోపల్నే పండవెట్టినం. మూడో నాటికే గోడ దిక్కు తిరిగిండు. అన్నం పెడితే పెదవులు బిగించిండు. "ఏందయ్యా, ఏమైతుంది నీకు" అంటే దుప్పటి మొఖం మీదికి గుంజుకున్నడు. వాన నిలిచి, మంచం బయటేసినంకనే ఒక ముద్ద మింగిండు. ఆ వారం నేను మర్చిపోలే. ఆయనకు గోలి కన్న తోటనే మందు. కొత్త ఇల్లు ఎట్లనన్న ఉండనీ, ఆయన మంచం ముంగట తోట ఉండాలె. లేకపోతే ఆయన నాకు దక్కడు. నా ఫికర్ అదే.

ఇండ్ల నక్ష గీయనీకి ఒక పిల్ల వచ్చింది. అనంతపురం దిక్కు పిల్ల. పొట్టి జుట్టు, భుజానికి సంచి, కాళ్లకు బూట్లు. నేను ఇంజినీరమ్మా అని పిలిస్తే "నేను ఇంజినీరును కాదు, ఆర్కిటెక్టును" అన్నది. నాకు ఆ మాట నోరు తిరగలే. ఇంజినీరమ్మ అనే పిలిచిన, చివరికి ఆమె కూడ ఒప్పుకున్నది. మంచి పిల్ల. వచ్చిన మొదటి దినమే షెడ్డుల దూరి కింద కూసుండి మా కోడలు ఇచ్చిన చాయ తాగింది. నన్ను "అవ్వా" అని పిలిచింది. మా దిక్కు అవ్వ అంటే తల్లి. కడుపుల చల్లగైంది నాకు.

"ఇంట్లో ఏమేమి కావాల చెప్పు అవ్వా" అన్నది.

"ఎన్ని అర్రలన్న ఇయ్యి, ఎంత చిన్నగనన్న ఇయ్యి. తోట దిక్కు వాకిలి ఉండాలె. అంతే."

"అంతేనా?"

"అంతే బిడ్డా. వాకిలి లేకపోతే నాకు ఇల్లే వద్దు."

ఆమె రాసుకున్నది. నెల తిరగకముందే పెద్ద కాయిదం తెచ్చి హౌజు గట్టు మీద పరిచి, నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పెట్టింది. అంత ఇంగిలీషు రాతలే. నా కోసమని ఒక్క మాట మాత్రం తెలుగుల రాసి తెచ్చింది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలె. నేను బడికి పోలే. నాకు అక్షరాలు వచ్చింది ఈ తోటలనే, జుట్టు తెల్లబడినంక. చెట్లకు పేర్ల రేకులు కొట్టించిన్రు. మా కోడలు ఈడ్నే ఊడ్సే పని చేస్తది, పదో తరగతి దాక చదివింది. ఊడ్సుకుంట ఊడ్సుకుంట నన్ను ఒక్కొక్క చెట్టు కాడ నిలబెట్టి చదివిపిచ్చింది. ‘ప’ అంటే పనస, ‘స’ అంటే సపోట, ‘వ’ అంటే వేప. ఇప్పటికీ నాకు అక్షరాలు బడిపిల్లల వరుసల రావు, తోట వరుసల వస్తయి. ఈ ముచ్చట కూడ నేనే రాస్తున్న, ఒత్తులు కోడలు దిద్దుతది.

కాయిదం మీద వంగి చూసిన. ‘వా’ వేపకు దీర్ఘం. ‘కి’. ‘లి’. వాకిలి. ఒక్కో ఇంటికి ఒకటి, అన్నిటికి తోట దిక్కే. ఏలు పెట్టి అన్నీ చదివిన. నేను అడిగిన మాట అచ్చుల కనబడ్తుంటే ఇంకేం కావాలె. "మంచిగున్నది బిడ్డా, కట్టుకో" అన్న. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పిన, "వాకిలి రాసిన్రు, నేనే చదివిన" అని. ఆయన కుడిచెయ్యి లేపి నా నెత్తి మీద పెట్టిండు.

మళ్ల ఆ శుక్రారం కాడికి వస్త.

మేస్త్రీ ఒడిశా ఆయన. దారం కట్టి, సున్నం పోసి, ఇండ్లన్నిటికి గీతలు తీసిండు. కాంపౌండు గోడకు జర ఇవతల. ఇండ్ల గీత అయినంక, రెండడుగులు ఇడిసి ఇంకో లావు గీత. "ఇదేంది" అన్న. ఇంజినీరమ్మ చెప్పింది, "అది మట్టికట్ట అవ్వా. ఛాతీ అంత ఎత్తు మట్టి పోసి పైన గడ్డి పెడతాము, తీగెలు ఇండ్ల కప్పు మీదికి పాకిస్తాము. బారాదరి కాడ నుంచి చూస్తే పచ్చగా గుట్ట మాదిరి ఉంటాది, దాని ఎనక ఇండ్లు ఉండేది తెలీదు."

నేను గీతల నడుమ అటూ ఇటూ నడిచిన. ఇల్లు, రెండడుగుల సందు, కట్ట.

"వాకిలి ఏది బిడ్డా?" అన్న.

ఆమె వంగి, సున్నం గీత తెగిన జాగ చూపించింది. "ఇదో, ఇదే వాకిలి. నువ్వు అడిగినట్లే తోట పక్కకే పెట్టినాను."

"ఇది దర్వాజ."

"అదే కదా."

"అదే కాదు. దర్వాజ ఉన్నది, సరే. వాకిలి ఏది?"

"వాకిలి ఇక్కడే ఉండాది అవ్వా. ఇంటికొక వాకిలి. పేపర్లో నువ్వే చదివితివి."

"చదివిన. కాయిదం మీద ఉండె. నేల మీదికి దిగేసరికి ఏడికి పోయింది?"

మేస్త్రీకి తెలుగు అంతగ రాదు. మా ఇద్దరి మాటలల్ల ఆయనకు ఒక్క మాట సమజైంది. "దర్వాజా ఠీక్ హై అమ్మా" అనుకుంట సున్నం చేతులు దులుపుకున్నడు. ఇంజినీరమ్మ మొఖం చిన్నగైంది. నేను మాట మార్చిన ముసల్దాన్ని అనుకున్నదో ఏమో. నేను ఈ పిల్ల నాకు అబద్ధం రాసిచ్చింది అనుకున్న. "గిట్లయితే నేను రాను" అన్న మాట అప్పుడు వచ్చిందే.

మా కోడలు చీపురు పక్కకు పెట్టి నడుమల దూరింది. "అత్తా, నువ్వు జర ఆగు. అక్కా, మీ దిక్కు పొద్దుగాల లేచి ఊడ్సి, సాన్పు చల్లి, ముగ్గేసే జాగ ఉంటది గదా, దాన్నేమంటరు?"

"ఇంటిముందర అంటాము."

"మరి వాకిలి అంటే?"

"వాకిలి అంటే వాకిలే. తలుపు. పడుకునేటప్పుడు వాకిలి ఏసి గెడె పెట్టుకుంటాము కదా."

"వాకిలి ఏసుడా?" అన్న నేను. "ఏస్తే ఎట్లుంటది? చాప తీర్గనా?"

కోడలు కొంగు నోటికి పెట్టుకున్నది. ఇంజినీరమ్మ నా దిక్కు చూసి, నేల దిక్కు చూసి, చిన్నగ తల కొట్టుకున్నది. "అయ్యో అవ్వా. నువ్వు అడిగింది ముందర జాగానా? నేను నీకు తలుపులు రాసిస్తి."

"నేను తలుపులనే చదువుకొని సంబరపడితి."

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. "మరి అవ్వ అంటే ఏంది మీ దిక్కు?"

"అవ్వంటే... అమ్మకు అమ్మ. ముసలామె."

ఇన్ని దినాలు నన్ను తల్లీ అని పిలుస్తుందనుకొని నేను ఉబ్బుకుంట తిరిగిన. ఆమె ముసలిదానా అని పిలిచింది. ఇద్దరం నవ్వినం. మేస్త్రీ కూడ, ఎందుకో తెల్వక, నవ్విండు.

నవ్వు నవ్వే, జాగ లేనిది లేనిదే. అప్పటికే మేనేజర్ సారు వచ్చిండు. భీమవరం దిక్కాయన. ఎవలకైన అండి పెట్టే మాట్లాడ్తడు, తోటల కుక్కను కూడ పొమ్మనడు, "వెళ్లండి" అంటడని వాచ్‌మెన్ నవ్వుతడు. ఆయనకు సంగతి చెప్పినం.

"అమ్మా, నేను చెప్పేది కూడా వినండి. సాయంత్రం కమిటీ వాళ్లు ఈ గీతలు చూడ్డానికి వస్తున్నారు. కట్ట తీసేస్తే ముందర మీరు కూర్చున్నా, మంచం వేసినా బారాదరిలోకి కనపడుతుంది. కనపడితే తోటలో ఇళ్లే వద్దంటారండి. తెల్లాపూర్ అవతల ఎక్కడో కిరాయి గదులు చూపించేస్తారు. ఇక్కడే ఉంచమని వాళ్లని ఒప్పించడానికి నేను ఎంత తిరిగానో మీకు తెలీదు."

సారు మాటల తప్పేం లేదు. నేను కూడ ఉన్నది చెప్పిన.

"సారూ, కట్ట ముంగట మా ఆయన్ని కూసుండవెడితే ఆయనకు మట్టి కనబడ్తది. తెల్లాపూర్‌ల కూసుండవెడితే రోడ్డు కనబడ్తది. రెండిట్ల ఏదైన ఆయన అన్నం బందు వెడ్తడు. పోయిన వానకాలం చూసిన. మీరు మంచి ఇల్లే ఇస్తున్నరు, కాదంట లేను. గని ఆ ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట."

సారు కండ్లద్దాలు తీసి అంగీతోని తుడుసుకున్నడు. ఇంజినీరమ్మ సున్నం గీతల నడుమనే కింద కూసున్నది. చానసేపు బారాదరి దిక్కే చూసింది. అటెన్క నర్సరీ దిక్కు చూసింది. అక్కడ మొలకల మీద నీడకు కట్టే పచ్చ వల ఎండల ఆరబెట్టి ఉండె.

"సార్, బారాదరి పక్క గదిలో చిల్లుల రాతి జాలీ ఉంది కదా, ఆ కాలం ఆడోళ్లు కూర్చునే చోట" అన్నది. "లోపల నిలబడితే హౌజంతా కనపడుతుంది. బయట నుంచి చూస్తే నల్లగా తప్ప ఏమీ కనపడదు. లోపల నీడ ఉండాల, బయట ఎండ ఉండాల. కట్ట తీసేద్దాం. ఇండ్లు ఎనక్కి, గోడకి ఆనించేస్తే మంచం పట్టే అంత జాగా వస్తాది. దాని మీద పందిరి, ముందర కంచె. ఎనక బట్టలు ఉతికే జాగా పోతాది అవ్వా, అందరికీ కలిపి చివర ఒకటి ఇస్తా. చాలునా?"

"బట్టలు హౌజుల తప్ప ఏడనన్న ఉతుకుత" అన్న.

"ముందు చూద్దాం. పెద్దాయన్ని ఇక్కడికి తీసుకురండి" అన్నడు సారు.

మేస్త్రీ, వాచ్‌మెన్ పోయి ఆయన్ని మంచంతోని లేపుకొచ్చిన్రు. వాచ్‌మెన్ మా దిక్కోడే, నోరున్నోడు. మంచం మీద మా ఆయన గొణిగిండు. "నన్నప్పుడే మోసుకపోతున్రేందిరా" అంటున్నడని నేను చెప్పిన.

"దానికి నలుగురం కావాలె తాతా. ఇద్దరమే ఉన్నం. ఫికర్ చెయ్యకు" అన్నడు వాచ్‌మెన్.

మంచం ఇంటి గీత ముంగట దించిన్రు. ముంగట బొంగులు పాతి పచ్చ వల గట్టిన్రు. ఇంకో వల పైన ఏసి మంచానికి నీడ చేసిన్రు. నేను, సారు బారాదరి దాక నడిచి, మెట్లెక్కి, నడుమ కమాను కింద నిలబడి ఎనుకకు తిరిగినం.

సపోట చెట్లున్నయి. చెట్ల ఎనుక పచ్చగున్నది. మంచం లేదు. మా ఆయన లేడు.

కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి చూసిన. లేడు. పెండ్లై తోటలకు వచ్చిన నాటి సంది, నేను ఏ చెట్టు కింద పని చేసినా తల తిప్పితే ఏదో దిక్కు ఆయన కనబడుతుండె. నెత్తికి రుమాలు చుట్టుకొని పాదుల కాడ వంగి, పడిపోయినంక మంచం మీద. ఆయన లేకుంట తోట ఎట్లుంటదో నేనెప్పుడు చూడలే. అప్పుడు చూసిన. మంచిగనే ఉన్నది. చెట్లు అట్లనే ఉన్నయి, హౌజుల నీళ్లు అట్లనే ఉన్నయి. మెట్లు దిగి, కింది మెట్టు మీద కాలువ పక్కన కూసున్న.

"బాగుందండి, ఏం కనపడటం లేదు" అంటున్నడు సారు సంతోషంగ. ఆయన మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

అప్పుడు సపోట చెట్ల ఎనుకకెళ్లి ఒక కేక వచ్చింది. పడిపోయినప్పటి సంది ఆయన గొంతు నాలుగు గజాలు దాటలే. ఆ కేక హౌజు దాటి మెట్ల దాక వచ్చింది.

"ఏమే. కొంగు నీళ్లల్ల పడ్డది. సూసుకో."

కిందికి చూసిన. నిజమే. మెట్ల పక్క కాలువల నా కొంగు పడి నానుతున్నది. "కొంగు తడుస్తుందంటున్నడు" అని సారుకు చెప్పిన.

సారు నా కొంగు చూసిండు, పచ్చ వల దిక్కు చూసిండు. "ఆయనకి ఇంత దూరం కనపడుతోందాండి?"

"కనబడ్తది సారూ. ఇంతకు ముందు కూడ కనబడుతుండె. ఇప్పుడు అర్సుడు కూడ వచ్చింది."

"ఈ గొంతు సంగతి మాత్రం కమిటీకి చెప్పకండమ్మా. డ్రాయింగ్‌లో లేదు."

నేను కొంగు పిండుకుంట ఉరికినట్టే నడిచిన. వల ఎనుకకు పోయేసరికి ఆయన నోరు కొంచెం వంకరగ, తన తీర్గ నవ్వుతున్నడు. ఇంజినీరమ్మ మంచం పట్టెకు ఆనుకొని కింద కూసున్నది. "తాతకి అన్నీ కనపడతా ఉండాయి అవ్వా. హౌజు మీద వాలిన పిట్టను కూడా వేలితో చూపిస్తా ఉండాడు, మాటే నాకు అర్థం కాలేదు" అన్నది. నేను మంచం మీద ఆయన పక్కన కూసున్న. గోలి సంగతి అప్పుడు యాదికొచ్చింది. ఆయన కుడిచెయ్యి పట్టుకొని ఉన్న గనుక, లేచి పోయి తేబుద్ధి కాలే. కోడలు పోయి తెచ్చింది.

మేస్త్రీ పాత గీతలు కాలుతోని చెరిపి కొత్తయి గీసిండు. సాయంత్రం కమిటీ వాళ్లు వచ్చిన్రు. వాళ్లల్ల ఒక పెద్దమనిషి బారాదరిల నిలబడి, "ఇళ్లు ఎటుపక్క వస్తాయి" అని అడిగిండట. "మీ ఎదురుగానేనండి" అన్నడట సారు. మా ఆయన ఆ ఒక్క అర్దగంట మాత్రం నోరు మూసుకొని ఉన్నడు, నేను ఒట్టు పెట్టించుకున్న.

ఎండలు ముదరకముందే ఇండ్లయినయి. తక్కువ ఎత్తు, మట్టి రంగు గోడలు, కప్పు మీద తీగెలు. ముంగట మైదాకు కంచె రెండు వరుసలు, సారు గోరింటాకు అంటడు. మొక్కలు మా ఆయన చెప్పినట్టే పెట్టిన్రు, ఒకదాని సందుల ఒకటి. అది ఎదిగేదాక వలనే ఉండె. ఇప్పుడు ఆషాఢం వస్తే ఆరిండ్ల ఆడోళ్లం, మా చుట్టాలు, కంపెనీలల్ల పనిచేసే పిల్లలు కూడ వచ్చి మైదాకు తెంపుతరు. కంచె పలసబడుతది, సారుకు పరేషాన్ మొదలైతది. "జరంత మిగల్చండమ్మా" అనుకుంట తిరుగుతడు. శ్రావణం నాటికి మళ్ల గుబురైతది.

నేను పొద్దుగాల లేచి వాకిలి ఊడ్సి, సాన్పు చల్లి, చిన్న ముగ్గేస్త. అది ఎవలకు కనబడదు. మంచం మీద ఆయనకు కనబడ్తది, చాలు. చుక్క తప్పితే చెప్తడు.

ఆ దినం ఎవలెవలు ఉన్నరని మొన్న మా ఇద్దరికి పంచాయితీ అయింది. కమిటీ పెద్దమనిషి కూడ అప్పుడే ఉండె అంటడు ఆయన. లేడు, సాయంత్రం వచ్చిండు. రాసి పెడుతున్న, ఇగ కొట్లాట లేకుంట. ఆ పూట ఆడ ఉన్నోళ్లు: భీమవరం దిక్కు మేనేజర్ సారు. అనంతపురం దిక్కు ఇంజినీరమ్మ. ఒడిశా మేస్త్రీ. మా దిక్కు వాచ్‌మెన్. చీపురుతోని మా కోడలు. తడిసిన కొంగుతోని నేను. వల ఎనుక, మంచం మీద, మా ఆయన.